వలి మామ తుపాకీ గడియలు

నాగూర్ వలి ఇంటి గడప తొక్కితే ముందు అవిసె నూనె వాసన తగిలేది. తర్వాత కుట్టు మిషను చప్పుడు వినిపించేది. లోపలి గది తలుపు తెరిచి ఉంటే గోడకు చేరవేసిన తుపాకులు కనిపించేవి. నాపరాళ్ళ గోడ, అలికిన మట్టి నేల, దూలానికి వేలాడే ఉల్లిపాయల గుత్తి, వాటి మధ్య నిగనిగలాడే నాలుగు పాత తుపాకులు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవారు. ఆయన నవ్వి, "రాండి, అయ్యి ముసలోళ్ళు. కూసోవడమే గానీ కరిచేది లేదు" అనేవాడు.

మాది కారెంపూడికీ మాచర్లకూ నడుమ చిన్న ఊరు. ఆయన్ను మా వీధంతా వలి మామ అనేది. కుట్టు మిషన్లు, సైకిళ్ళు, తాళాలు, చేలో పందుల్ని బెదిరించే నాటు తుపాకులు ఆయన చేతికి వస్తే బాగుపడి వెళ్ళేవి. మా బావి గిలక కిర్రుమంటే పిలవకుండానే వచ్చి రెండు చుక్కలు నూనె వేసి, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఆ గిలక ఊసు మళ్ళీ ఎత్తేవాడు కాదు.

వయసులో ఉండగా మొదటి జర్మనీ యుద్ధానికి ఆయన బస్రా వెళ్ళాడు. కాల్చడానికి కాదు. పటాలం వెనక డేరాలో కూర్చుని, ఇసక పట్టి బిగుసుకుపోయిన తుపాకుల్ని తుడిచి, సవరించి, సిపాయిల చేతికి తిరిగి ఇచ్చే పని. మనిషి మీద ఒక్క గుండు కూడా పేల్చలేదు. కానీ తాను తుడిచిచ్చిన తుపాకీ పట్టుకుని వెళ్ళిన కుర్రాళ్ళలో చాలామంది తిరిగి రాలేదని మాత్రం చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు చేతిలో పని ఆపేవాడు.

ఊరికి వచ్చాక ఎన్నో ఏళ్ళకు ఆయనకు ఈ పాత తుపాకుల మీద మనసు పోయింది. మొదటిది తనతో బస్రాలో ఉన్న ఒక సిపాయి భార్య తెచ్చి ఇచ్చింది. భర్త పోయాక ఇంట్లో దాన్ని చూడలేకపోతున్నానని ఏడ్చిందట. ఆయన గుంటూరు వెళ్ళి, తూటాలు లేకుండా ఉంచుకుంటానని కాగితం రాయించుకుని మరీ, దాన్ని ఇంటికి తెచ్చాడు. ఇంకొకటి యుద్ధానికి వెళ్ళి వచ్చిన ఒక దొర దేశం వదిలిపోతూ సామాను వేలం వేస్తే దొరికింది. మిగిలిన రెండూ రెండో యుద్ధం ముగిశాక, ఖాకీ కోట్లూ నీళ్ళ సీసాలూ గుట్టలు పోసి అమ్మినప్పుడు దొరికాయి, సిపాయిలకు కవాతు నేర్పడానికి వాడి పారేసినవి. తన దగ్గరి పాతవాటికి ఇవి తోడుంటాయని తెచ్చుకుని, వీటినీ అదే కాగితంలో ఎక్కించాడు.

ఆ దొర దగ్గర కొన్నది తురకీ దేశపు తుపాకీ. దాని ఇనుము మీద నెలవంక గుర్తు, పక్కన వాళ్ళ లిపిలో అక్షరాలు, అంకెలు. బస్రాలో ఇంగ్లీషువాళ్ళకు ఎదురు నిలిచిన సైన్యం చేతిలో ఉండేది ఈ రకమే. "అప్పుడు దీని సప్పుడికి జడిసి పిండిమూటల ఎనక నక్కేవోణ్ణి. ఇప్పుడు నాతోనే ఒళ్ళు రుద్దించుకుంటోంది" అని ఆయన దాని కర్రను అరచేత్తో నిమిరేవాడు. నాలుగింటిలోనూ దాని మీదే ఆయనకు ఎక్కువ మక్కువ.

తీరిక దొరికినప్పుడు పాత బట్టను అవిసె నూనెలో ముంచి కర్రను రుద్దుతూ కూర్చునేవాడు. ఎవరో సిపాయి కర్ర మీద కత్తితో చెక్కిన గీతలు ఉండేవి. ఒకదాని మీద చిన్న సిలువ, ఒకదాని మీద ఏదో పేరులో సగం. వాటిని మాత్రం నునుపు చేసేవాడు కాదు. శుక్రవారం నమాజు అయ్యాక ఆ తుపాకుల వైపు తిరిగి కాసేపు చేతులు చాపి కూర్చునేవాడు. ఎవరి కోసమని అడిగితే, "పట్టుకున్నోళ్ళ కోసం. బతికారో లేదో. వాళ్ళ పేరు తలిచేవోళ్ళు ఉండారో లేదో" అన్నాడు. భగవంతుడి దగ్గర ఏ మతంవాడి మొర అయినా ఒకటే కదా అని ఆ రోజు నాకు అనిపించింది.

ఇక గడియల సంగతి చెప్పాలి. ఈ రకం తుపాకీకి వెనక భాగంలో జేనెడు ఇనప కడ్డీ, దానికో పిడి ఉంటాయి. పిడి ఎత్తి వెనక్కి లాగితే తూటా దారి తెరుచుకుంటుంది, ముందుకు తోసి వంచితే మూసుకుంటుంది. అచ్చం తలుపు గడియలాగే. సైన్యంలో దానికి వేరే పేరు ఉంది గానీ, మా వీధి ఆడవాళ్ళు దాన్ని గడియ అన్నారు, మాకందరికీ అదే పేరు స్థిరపడింది. గడియ తీసేస్తే తుపాకీ ఒట్టి కర్రతో సమానం. బస్రాలో రాత్రిపూట గడియలు తీసి వేరే డేరాలో పెట్టేవారట. వలి మామ ఆ అలవాటు వదల్లేదు. తుపాకీ, దాని గడియ ఒకే కప్పు కింద పడుకోకూడదనేవాడు. అందుకని ఒక్కొక్క గడియకూ కొవ్వు నూనె పట్టించి, గుడ్డ చుట్టి, తాడు కట్టి, ఒక్కొక్క ఇంట్లో దాచమని ఇచ్చాడు.

ఒకటి మా ఇంట్లో ఉండేది. మా అమ్మ దాన్ని దేవుడి గూట్లో, కోటప్పకొండ విభూతి పొట్లం వెనక పెట్టింది. ఇంకొకటి బడిపంతులు మరియదాసు గారి పెట్టెలో, ఆదివారం కట్టుకునే బట్టల కింద ఉండేది. మూడోది దుకాణం పుల్లారావు బెల్లం బుట్ట అడుగున. తురకీ తుపాకీ గడియ మాత్రం ఎదురింటి గురవమ్మకు ఇచ్చాడు. ఆమె ఆయనకంటే పెద్దది, ఆయన అక్కా అనేవాడు. ఇచ్చాక ఏ ఇంటికీ వెళ్ళి ఉందా అని అడగలేదు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఆయన మర్యాద.

గురవమ్మది కొణతం ఉన్న ఇల్లు. పల్నాటి వీరుల నాటి ఆయుధాన్ని తరతరాలుగా ఇంట్లో ఉంచుకుని, కార్తీక అమావాస్యకు కారెంపూడి తీసుకువెళ్ళి, నాగులేట్లో స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, వీరుల గుడికి మోసుకెళ్ళే ఇళ్ళలో అదీ ఒకటి. ఆ కొణతం ఉన్న గదిలోకి ఆమె చెప్పులతో ఎవరినీ రానిచ్చేది కాదు.

నలభై ఎనిమిదిలో కృష్ణకు అవతల నవాబు సీమలో గొడవలు పెరిగాయి. మూటలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి వచ్చినవాళ్ళు మా ఊళ్ళోనూ కొందరు దిగారు. వలి మామ భార్య బీబీ పెద్ద దేగిసా పొయ్యి మీద పెట్టి వాళ్ళకు గంజి కాచింది. పిల్లలకు ఉల్లిపాయ కోసి పెట్టింది. కానీ అదే రోజుల్లో మాచర్ల బజారులో ఒక మాట పుట్టింది. ఫలానా ఊళ్ళో సాయిబు ఇంటి నిండా తుపాకులున్నాయని, ఏటి అవతల నుంచి వస్తున్నాయని. మా వీధి నమ్మలేదు. మా వీధి అవతల ఎవరు నమ్మారో మాకు తెలియదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున ఇనస్పెక్టరు గారు నలుగురు జవాన్లతో వచ్చారు. కేకలు వేసే మనిషి కాదు, అలసిపోయి ఉన్నారు. కాగితం అడిగారు, తుపాకులు లెక్క చూశారు, నాలుగూ ఉన్నాయి. తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, వీటి గడియలు ఏవి అన్నారు. జాగ్రత్తగానే ఉన్నాయని వలి మామ చెప్పాడు. ఎక్కడ ఉన్నాయని అడిగారు. ఆయన చెప్పబోతుండగానే, లైసెన్సు లేని ఇంట్లో తుపాకీ ముక్క ఉన్నా నేరమేనని ఇనస్పెక్టరు గారు మాటవరసకు అన్నారు.

వలి మామ నోరు అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా జాగ్రత్త అనుకుని చేసిన పని నాలుగిళ్ళకు నేరం అంటగట్టిందని ఆయనకు అప్పుడే తెలిసింది.

అంతలో తురకీ తుపాకీ మీద నెలవంక ఇనస్పెక్టరు గారి కంట పడింది. దాన్ని వెలుతురులోకి తెచ్చి అక్షరాలు చూశారు, అవి ఏటి అవతలి నవాబు లిపిలాగే ఉన్నాయి. వలి మామ చూపిన కాగితంలో నాలుగు పాత తుపాకులని ఉంది గానీ, ఏవి ఏవో రాసి లేదు. పాతది ఒకటి మార్చి ఏటి అవతలిది ఇక్కడ పెట్టి ఉండవచ్చు. పైగా గడియలు దాచిపెట్టాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

"దొరా, తీసుకెళితే నన్ను తీసుకెళ్ళండి. గడియల సంగతి మాత్రం అడగబాకండి" అన్నాడు వలి మామ.

"చెప్పకపోతే ఏం జరుగుతుందో తెలుసా?"

"తెలుసండి."

మధ్యాహ్నం నమాజు దాకా ఆలోచించుకొమ్మని ఇనస్పెక్టరు గారు అరుగు మీద కూర్చున్నారు. బీబీ జవాన్లకు మజ్జిగ పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఆమెకూ నాలుగిళ్ళూ తెలుసు, ఆమెను అడిగినా చెప్పలేదు. చెబితే నలుగురు స్టేషనుకు వెళ్ళాలి. చెప్పకపోతే ఆయన ఒక్కడే జైలుకు వెళతాడు, దొంగ తుపాకుల సాయిబన్న పేరు ఆ ఇంటికి మిగిలిపోతుంది.

ఈ మాట నిమిషాల మీద వీధి అంతా పాకింది. మరియదాసు గారు, పుల్లారావు, నేను దుకాణం వెనక కలుసుకున్నాం. పుల్లారావుకు చెమటలు పోస్తున్నాయి. ఇప్పుడు గడియ పట్టుకుని వెళ్ళడమంటే మన చేతులకు మనమే బేడీలు వేసుకోవడమని, చీకటి పడ్డాక బావిలో వేస్తే పోతుందని అన్నాడు. మరియదాసు గారు తల అడ్డంగా ఊపారు. "మన కోసరం ఆయన నోరు మూసుకుండాడు పుల్లారావూ. ఆయన కోసరం మనం తెరవాల" అన్నారు. నేను మా ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ అప్పటికే గూట్లోంచి గడియ తీసి, విభూతి దులిపి, నా చేతిలో పెట్టడానికి గుమ్మంలో నిలబడి ఉంది.

మేం బయటికి వచ్చి చూస్తే గురవమ్మ మాకంటే ముందు నడుస్తోంది. చంకలో వెదురు బుట్ట. వెనక ఆమె కొడుకు అంకారావు, ఎందుకమ్మా, ఆగమ్మా అంటూ వస్తున్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. తిన్నగా అరుగు దగ్గరికి వెళ్ళి బుట్ట దించింది.

"ఏందయ్యా, ఈ ఇనప ముక్క కోసరమేనా మావాణ్ణి కూసోబెట్టావు?"

బుట్టలోంచి పసుపు గుడ్డ విప్పింది. అందులో గడియ ఉంది. నల్లగా ఉండవలసిన ఇనుము పచ్చగా, ఎర్రగా ఉంది. పొరల మీద పొరలుగా పసుపు, కుంకుమ, వాటి కింద తుప్పు. నూనె గుడ్డ ఎప్పుడో పోయింది.

వలి మామ దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఇదేమిటని ఇనస్పెక్టరు గారు అడిగారు. గురవమ్మ ఏమీ దాచలేదు. ఇంట్లో కొణతం ఉంది. దానికి ఏటేటా స్నానం, బొట్టు, పూలు. పక్కనే ఇంకో ఆయుధం ఉంటే దాన్ని మూలన పెట్టి కొణతానికి మాత్రమే చేయడం ఆమెకు మనసొప్పలేదు.

"ఇద్దరు బిడ్డల్ని కూసోబెట్టి ఒకడికే అన్నం పెడతామా? అందుకని దీన్నీ బుట్టలో పెట్టుకుని నాగులేటికి తీసకపోయేదాన్ని. తానం చేయించి, బొట్టు పెట్టి, వీరుల గుడి కాడ దణ్ణం పెట్టించి తెచ్చేదాన్ని."

"ఎన్నేళ్ళ నుంచి?"

"వలి ఇచ్చిన ఏటి నుంచి. మా అంకారావుకు కొడుకు పుట్టిన ఏడు. ఆణ్ణి ఈ ఏడే బళ్ళో ఏశాం."

జవాన్లలో ఒకరిది కారెంపూడి. ఆయన నెమ్మదిగా ముందుకు వచ్చి, ఈ బుట్టను తాను రేవులో ఏటా చూస్తున్నానని చెప్పాడు. "కొణతం పక్కన ఇంకేదో ఉండేదండి. రోకలి ముక్కేమో అనుకునేవోణ్ణి."

ఇనస్పెక్టరు గారు చేతిరుమాలు తడిపి గడియ మీది పసుపు రుద్దారు. చాలాసేపు రుద్దవలసి వచ్చింది. అడుగున తుపాకీ మీద ఉన్న అంకెలే, అదే లిపిలో బయటపడ్డాయి. ఏటి అవతల గొడవ మొదలుకాక ముందు నుంచీ పట్టిన పసుపు అది. దాన్ని ఎవరూ నిన్న పూసి ఉండలేరు.

మేం కూడా వెళ్ళి మా దగ్గరున్నవి అరుగు మీద పెట్టాం. మా అమ్మ ఇచ్చినదాని మీద ఇంకా విభూతి వాసన ఉంది. మరియదాసు గారిది తెల్లటి చేతిరుమాలులో ఉంది. పుల్లారావు అందరికంటే ఆఖరున వచ్చాడు. ఆయన గడియకు బెల్లం అంటుకుని చీమలు పట్టాయి. ఒక జవాను నవ్వాడు, పుల్లారావు కూడా భయంలోనే నవ్వాడు.

ఇనస్పెక్టరు గారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. వాడుకోవాలనుకున్నవాడు తుపాకుల ప్రాణం తీసి వీధి వీధంతా పంచిపెట్టడని ఆయనకు అర్థమైనట్టుంది. కేసు పెట్టలేదు. కానీ రోజులు బాగాలేవు గనక, తుప్పు పట్టినది కాక మిగిలిన మూడు తుపాకులూ గడియలతో సహా స్టేషనులో ఉంటాయన్నారు. అది వలి మామకు కష్టమే. తల వంచి సరేనన్నాడు.

తుప్పు పట్టిన గడియను తురకీ తుపాకీలో పెట్టి చూడమన్నారు. వలి మామ పెట్టాడు. లోపలికి సగం పోయింది, తిరగలేదు. లోపలి స్ప్రింగు తుప్పుతో ఒకటైపోయింది.

"ఇది తుపాకీ కింద లెక్క కాదు. ఉంచుకో" అన్నారు ఇనస్పెక్టరు గారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మాకందరికీ అలాగే అనిపించింది. వలి మామ మాత్రం గడియ చేతిలో పట్టుకుని, "అబద్ధమాడకూడదు దొరా. కిరసనాయిలులో నానబెట్టి, నూనె పోస్తే పదిరోజుల్లో కదులుద్ది" అన్నాడు.

పుల్లారావు కళ్ళు మూసుకున్నాడు.

ఇనస్పెక్టరు గారు ఆయన ముఖంలోకి చూశారు. "నానబెడతావా?"

"తమరు వద్దంటే నానబెట్టను."

"వద్దు. నూనె చుక్క తగలకూడదు."

"తగలదండి."

వాళ్ళు వెళ్ళిపోయాక గురవమ్మ అరుగు మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన చేత్తో ఆయనకు ఇష్టమైనదాన్ని పాడుచేశానని ఏడ్చింది. నీళ్ళు తగిలితే తుప్పు పడుతుందని తెలిసినా, పూజ చేసిన ఇనుముకు అలా జరగదనుకుందట. వలి మామ ఆమె పక్కన కూర్చున్నాడు. నీ దగ్గర కాక ఇంకే ఇంట్లో ఉన్నా ఈ పాటికి నేను మాచర్ల స్టేషనులో ఉండేవాణ్ణక్కా అన్నాడు. అయినా ఆమె ఊరుకోలేదు. అంకారావు వచ్చి తీసుకువెళ్ళాడు.

తర్వాత నెలకొకసారి వలి మామ స్టేషనుకు వెళ్ళి తన మూడు తుపాకుల కర్రలు తుడిచి, నూనె రుద్ది వచ్చేవాడు. అందుకు ఇనస్పెక్టరు గారే అనుమతి ఇచ్చారు. వెళ్ళినప్పుడల్లా కారెంపూడి జవాను ఆయనకు ఎండలో కూర్చోకుండా చెట్టు నీడన బల్ల వేసి, టీ తెప్పించేవాడు. తురకీ తుపాకీ మాత్రం ఇంట్లో మామూలు చోటే ఉంది. అది తుపాకీ కింద లెక్క కాదన్నారు గనక, దాని గడియను తిరిగి గురవమ్మకే ఇచ్చాడు. కిరసనాయిలు బుడ్డి ఆయన పనిబల్ల మీద చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడో లేదో వచ్చి చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఒక్క చుక్క గడియకు తగలనివ్వలేదు.

ఆ ఏడు కార్తీక అమావాస్య నాటికి ఏటి అవతల సద్దుమణిగింది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళారు. కారెంపూడి ప్రయాణానికి గురవమ్మ ఇంటి ముందు బండి కట్టారు. అంకారావు కొణతం తెచ్చి పట్టుకున్నాడు. గురవమ్మ బుట్ట సర్దుకుంది. అందులో పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయలు ఉన్నాయి. గడియ లేదు.

వలి మామ తన గుమ్మంలోంచి ఇదంతా చూస్తూ ఉన్నాడు. లోపలికి వెళ్ళి, బీబీ కుట్టిన కొత్త పసుపు గుడ్డ ఒకటి తీసుకుని వీధి దాటి వచ్చాడు.

"అక్కా, దాన్ని మర్చిపోయావే."

గురవమ్మ తల ఎత్తలేదు. "ఒద్దులేరా వలీ. ఇప్పటికి చేసింది చాలు."

"ఇన్నేళ్ళూ పెట్టి ఇప్పుడు పస్తుంచుతావా దాన్ని?"

"నీళ్ళు తగిలితే ఇంకా తుప్పు పడుద్ది."

"పడనీ అక్కా. ఆ ఇనస్పెక్టరు నూనె ఒద్దన్నాడు గానీ నీళ్ళు ఒద్దనలేదుగా" అని ఆయన గుడ్డ చాపి నిలబడ్డాడు.

ఆమె కొంతసేపు ఆ గుడ్డ వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, గడియ తేవడానికి లోపలికి వెళ్ళింది. అంకారావు కొణతం పట్టుకుని బండి పక్కన ఆగాడు.